ఊఁ కొట్టిన పాపానికి

ఒకటి

నిన్న పొద్దున మా ఇంటి ఖాతాలోంచి ఏనుగు అంబారీ అద్దె కింద డబ్బు పోయింది. తేలులంకలో ఏనుగు లేదు. ఏనుగు కాలు పెడితే ఓ పక్కకి ఒరిగిపోయే ఊరు మాది. పేరులో తేలు ఉంది కదా అని కుట్టే ఊరనుకోకండి, నీళ్ల మీద తేలే ఊరు, అంతే. మా మాట విని ఖాతాలోంచి డబ్బు కోసే చెవిపోగు మాత్రం ఎప్పటిలాగే చల్లగా "కోత అయింది, మీ సమ్మతికి సంతోషం" అంది. నేనప్పుడు నాచు అప్పడాలు ఎండబెడుతున్నాను. చేతిలో ఉన్నది చేతిలోనే విరిగింది.

మోసాల గదికి పరిగెత్తాను. అక్కడ ఫిర్యాదులు తీసుకునే అమ్మాయి పేరు విశాలి. నేను సమ్మతించలేదు మొర్రో అంటే, ఆ సమ్మతిని నాకే వినిపించింది. "ఊఁ" అని ఒక్క మాట. నా గొంతే. పిండి చేతులతో, ఎవరో ఏదో చెబుతుంటే సగం వింటూ నేననే ఊఁ. నా ఊఁ నాకు తెలియదా? కాదని ఎలా అంటాను?

విశాలి పెన్సిలూ కాగితాల కట్టా ఇచ్చింది. రోజూ ఎవరికి, ఎందుకు ఊఁ అంటున్నానో రాయమంది. నోటితో చెబితే పోగు వింటుంది, రాస్తే దానికి వినపడదు. ఒక వరసలో రాసుకుపోతే దొంగ ఏ సందులోంచి దూరుతున్నాడో తెలుస్తుందట. అందుకని రాస్తున్నాను. నా పేరు తాయారు. నా రాత వంకరగా ఉంటుంది, నా నోరు ఇంకా వంకర. చదివేవాళ్లు సర్దుకోవాలి.

నా భయం కూడా రాయాలి. మా ఆయన సత్తిరాజు గొలుసు పని చేస్తాడు. ఊరు కొట్టుకుపోకుండా సముద్రం అడుగుకి కట్టిన గొలుసులకి తుప్పు గీకి, మేకులు బిగించి వస్తాడు. ఆయన కింద ఉన్నంతసేపూ రేవులోని గాలికొట్టు నుంచి గొట్టంలో గాలి పంపుతారు. ఆ డబ్బు, పీల్చినంతకి పీల్చినట్టు, మా ఖాతాలోంచే పోతుంది. పంచాయతీ నెలాఖరుకి తిరిగి ఇస్తుంది, తీసుకోవడానికి మనిషి మిగిలితే. ఖాతా ఖాళీ అయితే పంపు ఆగిపోతుంది. దాన్ని మనిషి ఆపక్కర్లేదు, దానంతట అదే ఆగుతుంది. ఏనుగు అంబారీ అనగానే రేవులో అందరూ పగలబడి నవ్వారు. నేను గాలికొట్టు కేసి చూశాను.

రెండు

రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను ఆడమనిషిని కాదు, ఊఁ కొట్టే మిషన్ని. పాలావిడ మోకాళ్ల నొప్పి చెబితే ఊఁ. కూర్చుంటే ఊఁ, లేస్తే ఊఁ. పులుసులో ఉప్పు చూసి, సరిపోయిందని నాకు నేనే ఊఁ. మా ఆయన గురక పెడితే ఏదో అడిగాడనుకుని ఊఁ. సగం రోజుకే పెన్సిలు మొద్దుబారింది.

కానీ ఎక్కువ ఊఁలు పడింది ఒకావిడకి. కొన్నాళ్ల నుంచి పోగులోకి మాట్లాడుతోంది. పేరు రాజ్యలక్ష్మి అంది, పడమటి తెప్పల మీద ఉంటారంది. కూతురి పెళ్లికి అప్పడాలు కావాలని మొదలుపెట్టి, మెల్లగా వియ్యపురాలి సంగతుల్లోకి దిగింది. ఆ వియ్యపురాలి ఆగడాలు వింటుంటే పొయ్యి మీద ఏముందో కూడా మర్చిపోయేదాన్ని. కథ బాగుంటే ఊఁ దానంతట అదే వస్తుంది, మనం అనక్కర్లేదు. తర్వాత తనే, నీ సంగతి చెప్పు వదినా అనేది. నన్ను మాట్లాడమంటే అడగాలా? అంతా చెప్పాను. మా పెళ్లి, మా పోట్లాటలు, మా ఆయన ఇంట్లో ఏ మూల ఏం దాస్తాడో, నేనేం తిట్లు తిడతానో, అన్నీ.

మెట్ల సంగతీ చెప్పాను. గొలుసు పనివాళ్లు అడుగు నుంచి ఒక్క ఊపున పైకి రాకూడదు. వస్తే ఒంట్లో రక్తం సోడాలా పొంగుతుంది. మూడు చోట్ల గొలుసు పట్టుకుని చాలాసేపు ఆగాలి. వాటినే మెట్లు అంటారు. ఆ మెట్ల మీద పనేమీ ఉండదు, చీకటి నీళ్లలో ఒంటరిగా వేలాడటమే. పాపం, అన్నయ్యకి ఎంత విసుగో కదా అంది రాజ్యలక్ష్మి. పాపమేం లేదు, నా నోరు వినపడని చోటు అదొక్కటే, అక్కడ హాయిగా ఉంటాడు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

అప్పడాలు మాత్రం ఆవిడ ఇప్పటిదాకా ఒక్కటీ కొనలేదు.

మూడు

రాజ్యలక్ష్మి అనే మనిషి లేదట.

విశాలి నా రాత చదివి, పడమటి తెప్పల మీద ఆరా తీసి చెప్పింది. అది గొంతు మాత్రమేనట. కథ చెప్పడానికే తయారుచేసిన గొంతు. ఆ కథ అడుగున ఇంకో గొంతు సన్నగా నడుస్తూ ఉంటుందట, మన చెవికి అందదు, పోగుకి అందుతుంది. ఇంత కోసుకోనా, ఇంత కోసుకోనా అని అడుగుతూనే ఉంటుంది. పైన నేను వియ్యపురాలి కథకి ఊఁ కొడతాను, అది కింద దొంగ పద్దుకి చేరుతుంది. వేరే ఊళ్లలో ఈ పీడ లేదట. ఎందుకు లేదని అడిగాను.

"అక్కడ సమ్మతం అని పూర్తిగా అంటేనే కోత పడుతుందండీ. ఊఁ అన్నా చాలు అని ఏరికోరి అడిగింది మీ ఊరొక్కటే" అంది విశాలి. నవ్వు ఆపుకుందో, జాలిపడిందో నాకు తెలియలేదు.

నిజమే. పోగులు కొత్తగా వచ్చినప్పుడు తేలులంక మొత్తం రేవులో ధర్నా చేసింది. పళ్లు ఊడిన ముసలాళ్లకి ఆ మాట నోరు తిరగదు, కొత్త కోడళ్లకి సిగ్గు. తాళి కట్టించుకోడానికే ఊఁ అన్నాం, చేపలు కొనడానికి సమ్మతం అనాలా అని నినాదాలు. గెలిచాం. ఆ రోజు ఊరంతా బెల్లం పంచారు. కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే మరి.

ఇంటికొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. నన్ను పీడిస్తున్నది డబ్బు ఒక్కటే కాదు. ఇన్నాళ్లు నా కడుపులో మాటలన్నీ పోసింది ఎవరికి? ఎవరికీ కాదు. ఆ మాటల్ని అది ఏం చేసుకుంటుంది?

నాలుగు

ఊళ్లో ఊఁ బంద్. పంచాయతీ చాటింపు వేసింది. ఈ నాలుగు రోజుల్లోనే చాలా ఇళ్లు గుల్లయ్యాయి. సమ్మతి మాట మార్పించమని పైవాళ్లకి అర్జీ పెట్టారు గానీ, అక్కడి నుంచి జవాబు రావాలంటే సముద్రం ఇంకాల్సిందే. అందాకా అందరూ తలలే ఊపుతున్నారు. రేవులో ఇద్దరు మాట్లాడుకుంటుంటే తిరునాళ్లలో బొమ్మల్లా ఉన్నారు. పిల్లలకి కథలు చెప్పడం మానేశారు, ఊఁ కొట్టని పిల్లకి ఎవరు మాత్రం కథ చెబుతారు?

నేనూ నోరు కట్టేసుకున్నాను. కష్టం. మూతి బిగించి ముక్కుతో గాలి వదలడం నేర్చుకున్నాను. బుర్రున చప్పుడు వస్తుంది, నాకంటే గేదె నయం.

మళ్లీ ఆ గొంతు వచ్చింది. వదినా, పెళ్లి తప్పిపోయింది తెలుసా అంది ఏడుస్తూ. ఇంకెప్పుడూ మాట్లాడకు అందామనుకుని, కంగారులో తల అడ్డంగా ఊపుతూ "ఊఁహూఁ" అన్నాను. వెంటనే కోత పడింది. ఊఁహూఁలో ముందున్న ఊఁని పోగు పట్టుకుంది, వెనకాలున్న హూఁని వదిలేసింది. వద్దన్నా ఇచ్చినట్టే అయింది. దొంగతో వద్దని చెప్పడానికి కూడా భయపడాల్సి వస్తే ఇంక మనిషి ఎక్కడికి పోవాలి? నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, అది మాట్లాడి మాట్లాడి ఆగేదాకా కదలకుండా కూర్చున్నాను. పోయే ముందు అది చాలా మెత్తగా, సరే వదినా, నాకు కావలసింది దొరికింది అంది.

ఏం దొరికింది? ఇది విశాలికి ప్రత్యేకంగా గీత గీసి రాస్తున్నాను.

ఐదు

నా వైపు నుంచి ఒక్క ఊఁ లేదు. అయినా కోతలు ఆగలేదు. అవి కూడా మా ఆయన నీళ్లలో ఉన్న రోజుల్లోనే పడుతున్నాయి. ఆయన దిగనప్పుడు ఖాతా గుడ్డు మీద కోడిలా కదలకుండా కూర్చుంటోంది.

ఇంకో సంగతి ఉంది, రాయడానికి సిగ్గుగా ఉంది. సత్తిరాజు మారిపోయాడు. మాడిన కూర పెడితే కిక్కురుమనకుండా తిన్నాడు. మొన్న నేను నాచు తట్ట మోస్తుంటే వచ్చి అందుకున్నాడు. నిన్న నేను తిడుతున్నంతసేపూ నా మొహం కేసి చూస్తూ నవ్వుతున్నాడు. ఏం చూస్తున్నావు, నా మొహాన ఏముంది అన్నాను.

"నీ నోరు పైకి అలాగుంటాది గానీ, లోపల నువ్వు ఏరే మడిసివే తాయీ. నాకు తెలుసులే" అన్నాడు.

కాపరానికి వచ్చినప్పటి నుంచి నాకు ఇలాంటి మాట ఆయన నోట వినపడలేదు. నాకు సంతోషం వెయ్యాలి. వెయ్యలేదు, అనుమానం పుట్టింది. మగాడు ఊరికే మెత్తబడితే పెళ్లాం లెక్క చూసుకోవాలని మా అమ్మ అనేది. ఇంకో ఆడదేమో అనుకున్నాను. గొలుసు తుప్పు వాసన కొట్టే ఈ మనిషిని ఏ ఆడది కోరుకుంటుందా అని మళ్లీ నేనే సర్దుకున్నాను. కానీ పొద్దున్నే దిగుడుకి ఈలేస్తూ పోవడం నా కళ్లతో చూశాను. నీళ్లలోకి ఈలేస్తూ పోయే మనిషిని మీరెక్కడైనా చూశారా?

ఆరు

విశాలి తేల్చి చెప్పింది. కోతలన్నీ సత్తిరాజు గొంతు మీద పడుతున్నాయి. ఊఁ ఆయనదే.

ఇద్దర్నీ పిలిపించింది. పని మీద ఉన్నప్పుడు ఎవరితో మాట్లాడుతున్నారండీ అని అడిగింది. "మా ఆవిడతో తప్ప నేనెవరితోనూ మాట్టాడనండి" అన్నాడు, నా వైపు ఓరగా చూసి. ఇంట్లో మాటల సంగతి కాదండీ అంది విశాలి. ఆయన మళ్లీ అదే మాట అన్నాడు. నేను నీళ్లలోకి మాట్లాడను, కిందవాళ్లతో మాట్లాడే గాలికొట్టు కొమ్ముబూర వైపు కూడా పోను. ఏదో దాస్తున్నాడని నాకు రూఢి అయిపోయింది. అక్కడే నాలుగు తిట్లు అంటించాను. ఆయన తల వంచుకుని, ఏదో మాట ఇచ్చినవాడిలా పెదాలు బిగించుకున్నాడు.

ఖాతాకి తాళం వేయమని విశాలి బతిమాలింది. తాళానికి రెండు గొంతులూ కలవాలి. నేను సిద్ధమే. కానీ ఖాతాకి తాళం వేస్తే గాలికీ తాళం పడుతుంది, దిగడానికి ఉండదు. తూరుపున వాయుగుండం లేస్తోంది, పెద్ద గొలుసు మేకులు వదులయ్యాయి, అది బిగించకపోతే ఊరు ఎటు కొట్టుకుపోతుందో తెలియదు. ఈ ఒక్క దిగుడూ దిగి, పైకి రాగానే తాళం వేద్దాం అన్నాడు సత్తిరాజు. దిగుడుకి సరిపడా గాలి డబ్బు ఉందా లేదా అని ఇద్దరం చూసుకున్నాం. ఉంది. కొంచెం మిగులుతుంది కూడా.

రేపు పొద్దున దిగుతాడు. నాకు అన్నం సహించడం లేదు. కింద నీకెవరైనా కనపడితే పలకొద్దు మావా అన్నాను. సముద్రం అడుగున నాకెవరు కనపడతారే అని నవ్వాడు.

ఏడు

విశాలీ, ఇది నిన్న జరిగింది. అక్షరాలు ఎలా ఉన్నా చదువుకో.

గాలికొట్టు బుల్లబ్బాయి బాబాయి మనిషిని పంపాడు. పరిగెత్తాను. మేకులు బిగించేసి సత్తిరాజు పైకి వస్తున్నాడట, మొదటి మెట్టు మీద ఉన్నాడు. కానీ గాలి వాడకం కంటే ఖాతా చాలా జోరుగా దిగిపోతోంది. నేను రేవు చేరేసరికి నా చెవిలోనూ కోతలు మొదలయ్యాయి. ఒకటి. కాసేపు ఆగి ఇంకొకటి. మళ్లీ ఒకటి. ఎవరో తీరుబడిగా కథ వింటున్నట్టు.

నీళ్లలోకి దిగేవాళ్లు పోగు చెవికి పెట్టుకోరు, ఇత్తడి టోపీ లోపల తగిలిస్తారు. అది పలికితే టోపీ మొత్తం వినపడుతుంది, కొమ్ముబూరలోంచి మాకూ వినపడుతుంది. బాబాయి బూర మూత తీశాడు. తీయగానే లోపలి నుంచి నేను మాట్లాడుతున్నాను.

అవును, నేనే. నా గొంతు. కానీ నేనెప్పుడూ అంత నెమ్మదిగా మాట్లాడి ఎరగను.

"అప్పుడా పిల్ల గొలుసు కొస పట్టుకుని రేవులోనే కూకుందంట మావా. ఆకలేసినా లేవలేదంట."

"ఊఁ" అన్నాడు సత్తిరాజు. నా చెవిలో కోత.

"మావొచ్చేదాకా ఇక్కడే ఉంటానందంట."

"ఊఁ."

రాజ్యలక్ష్మికి నేను గంటలు గంటలు పోసిన గొంతు అది. దానికి దొరికిందన్నది ఇదే. బూర పట్టుకుని అరిచాను, మావా ఊఁ అనకు, అది నేను కాదు అని. ఆయన, ఏంటే, చెప్పేదీ నువ్వే ఆపేదీ నువ్వేనా అన్నాడు నవ్వుతూ. నేను పైన ఉన్నాను మావా, బూరలో ఉన్నాను అన్నాను. నేను ముగించక ముందే కింద నా గొంతు అందుకుంది.

"మావా, పైనెవత్తో నా గొంతు పెట్టుకుని మాట్టాడతంది. మోసగత్తెలున్నారని విశాలి గారు సెప్పారు గదా. బయపడకు, నేనున్నాను."

"ఊఁ" అన్నాడు ఆయన, ధైర్యం తెచ్చుకున్నట్టు.

తాడే పామై కరవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అది నాకంటే బాగా మాట్లాడుతోంది. నేను భయంతో కీచుగా అరుస్తున్నాను, అది ఆయన తల నిమురుతున్నట్టు మాట్లాడుతోంది. ఇద్దరిలో పెళ్లాం ఎవరని ఊళ్లో ఎవరిని అడిగినా దాన్నే చూపిస్తారు. ఏదైనా ఇంటి గుర్తు చెబుదామనుకున్నాను. ఆయన బీడీలు దాచే చోటు, మా పెళ్లినాటి గొడవ, ఏది నోటి దాకా వచ్చినా అది రాజ్యలక్ష్మికి చెప్పేసిందే. ఇంటి గుట్టు లంకకు చేటని ఊరికే అన్నారా! పోగు తీసి పారెయ్యమందామంటే టోపీ నీళ్లలో ఊడదు. బాబాయి ఖాతా చూసి, ఇలాగే పోతే రెండో మెట్టు కూడా దాటదమ్మా అన్నాడు.

అప్పుడు ఒక్క సంగతి తట్టింది. అది ఊఁ కోసం ఆగుతోంది. ప్రతి మాటకీ ఆగి, ఊఁ పడ్డాకే ముందుకు కదులుతోంది. నేను ఆగానా ఎప్పుడైనా?

"మావా, ఇను. ఇన్నేళ్ల కాపరంలో నీ ఊఁ కోసం నేనెప్పుడైనా ఆగేనా? నువ్విన్నా ఇనకపోయినా నా వాగుడు నాదే గదా. నోరు మూసుకుని ఉండు. ఆగేదెవత్తో ఆగందెవత్తో నువ్వే సూడు."

ఇంక ఆగలేదు నేను. మాడిన కూర దగ్గర్నించి మొదలుపెట్టి, వాళ్ల అన్న అప్పు, వానలో మర్చిపోయిన నాచు తట్ట, ఈలేసుకుంటూ పోయిన సోకు, నోటికొచ్చిందల్లా అందుకున్నాను. కింద అది కథ చెబుతోంది. గొలుసు కొస పట్టుకున్న పిల్ల దగ్గరే నిలబడిపోయింది. "ఇంటన్నావా మావా?" అంది. ఆయన పలకలేదు. "ఊఁ అను మావా" అంది. పలకలేదు. "ఒక్కసారి ఊఁ అను." అదే తీపి, అదే సాగదీత, ముందు అన్నదానికి వెంట్రుకవాసి తేడా లేదు. "ఒక్కసారి ఊఁ అను." మళ్లీ అదే. వింటున్న బుల్లబ్బాయి బాబాయి రెండు చెవులూ మూసుకున్నాడు. నేను నోరు ఆపలేదు. నా చెవిలో కోతలు ఆగిపోయాయి.

చాలాసేపటికి అది దానంతట అదే పోయింది. అప్పుడు సత్తిరాజు మాట్లాడాడు.

"ఇన్నాళ్లూ అది నువ్వు కాదా తాయీ? ఇంటికాడ ఈ మాటలు ఎత్తొద్దు, నాకు సిగ్గు అన్నాది. నువ్వేననుకున్నాను."

కాదు మావా అన్నాను. ఇంకేం అనను? నేనే అయి ఉంటే బాగుండుననిపించింది. నాకు ఏడుపొచ్చింది. ప్రాణం పోయేంత భయంలో కూడా, ఆ దొంగముండ మీద కుళ్లు కలిగింది.

ఏడవడానికి కూడా తీరిక లేదు. రెండో మెట్టు మీద ఉండగానే ఖాతా అడుగంటింది. పంచాయతీ ఖాతా పలకాలంటే పెద్దలు అందరి గొంతులూ కలవాలట, ఎవరో వాళ్ల కోసం పరిగెత్తారు. పాతకాలపు చేతి పంపులు ఉండేవి, గాలి కంపెనీ ఎప్పుడో పీక్కుపోయింది. రేవులో మిగతావాళ్ల ఖాతాలు అప్పటికే గుల్ల, బుల్లబ్బాయి బాబాయి తన ఖాతా కలిపాడు. దానికి ఊఁ అనాలి. చాటింపు పడ్డాక ఆయన ఒక్కసారి కూడా అనలేదు, తన ఇంట్లో మిగిలిందే ఆ కాస్త. నా మొహం చూసి కళ్లు మూసుకుని అన్నాడు. అది రెండో మెట్టుకి సరిపోయింది. మూడో మెట్టు మీద ఆయన అడుగుపెట్టాడో లేదో పంపు ఆగింది. ఎప్పుడూ ధడధడలాడే కొట్టు ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అందరం కలిసి తాడు లాగాం.

ఆగవలసినంతసేపు ఆగకుండానే పైకి వచ్చాడు.

ఎనిమిది

సత్తిరాజుని ఇనప పెట్టెలో పడుకోబెట్టారు. అందులో గాలి ఒత్తిడి పెంచి, రక్తంలో బుడగల్ని మెల్లగా కరిగిస్తారట. పెట్టెకి చివర చిన్న గాజు బిళ్ల ఉంది. అందులోంచి ఆయన అరికాళ్లు మాత్రం కనిపిస్తాయి. కదలడం లేదు. మాట్లాడాలంటే గొట్టంలోంచే.

వైద్యుడు, బుడగలు తలకెక్కాయో లేదో ఇప్పుడే చెప్పలేమన్నాడు. పలికితే గండం గడిచినట్టేనట. ఎవరు పిలిచినా ఉలుకూ పలుకూ లేదట. మీరు పలికించండి అన్నాడు.

గొట్టం దగ్గర కూర్చున్నాను. మావా అన్నాను. లేదు. నేనే మావా, తాయారుని. లేదు. వింటున్నావా? లేదు. నా గొంతు సన్నబడిపోయింది. "ఊఁ అను మావా" అన్నాను. "ఒక్కసారి ఊఁ అను."

అన్న వెంటనే నా నోరు నేనే మూసుకున్నాను. అది నేనా, అదా? అదే మాట. అదే బతిమాలడం. ఊఁ అడిగేదే దొంగని నిన్న ఆయనకి చెప్పింది నేనే. లోపల ఆయనకి తెలివి ఉంటే, ఈ గొంతు విని ఇంకా గట్టిగా పళ్లు బిగించి ఉంటాడు. తెలివి లేకపోతే అసలు వినపడనే లేదు. ఈ మౌనం రెండింట్లో ఏదో నాకు తెలిసే దారి లేదు. నా జీవితంలో ఇంత భయం ఎరగను. వైద్యుడు ఇంకోసారి అడగండి అన్నాడు. అడగనన్నాను.

తిట్టడం మొదలుపెట్టాను.

బుల్లబ్బాయి బాబాయి కూడబెట్టిందంతా ఒక్క పూటలో పీల్చేశావు, లేచి ఆయన బాకీ ఎవడు తీరుస్తాడన్నాను. కథలు కావాలా నీకు, ఈ వయసులో, ఇంట్లో పెళ్లాన్ని అడగడానికి నోరు పడిపోయిందా అన్నాను. నాకు కథలు రావు, వచ్చినవి చెబుతాను, చెత్తగా ఉన్నా చచ్చినట్టు వింటావు అన్నాను. తీపి మాట వినగానే ఈలేసుకుంటూ పోయావు, పెళ్లాం ఒక్కరోజులో మారిపోతుందని ఏ బుద్ధి ఉన్నవాడైనా నమ్ముతాడా అన్నాను. ఎక్కడా ఆగలేదు. ఆగితే అడిగినట్టవుతుంది. కళ్లు కారుతుంటే తుడుచుకోలేదు, దానికీ ఆగాలి. వైద్యుడు బయటకి వెళ్లిపోయాడు. గొంతు పగిలింది. మా అత్తగారి దగ్గర్నించి మొదలుపెట్టి ఆయన వంశంలో ఎవర్నీ వదల్లేదు. తిట్లు అయిపోతే మొదటికొచ్చి మళ్లీ మాడిన కూర అందుకున్నాను.

ఆ కూర గురించి చెబుతుండగా, మాటకీ మాటకీ మధ్య, నేను సందు ఇవ్వకపోయినా, లోపలి నుంచి వచ్చింది.

"ఊఁ."

నా చెవిలో పోగు ఆ ఊఁని కూడా పట్టుకుని కోత కోసుకుంది. ఆ ఖాతాలో ఇంకా ఏం మిగిలిందని కోసుకుందో నాకు తెలియదు. కోసుకోనీ.